ఆఖరి గడిలో చేప

సున్నా
కట్టు విప్పే రోజుకి ఇంకా ముప్పై ఒక్క రోజులు

ఈ పుస్తకాన్ని కావాలనే సున్నాతో మొదలుపెడుతున్నాను. మా తవిటమ్మత్త చూస్తే నా చేతిలో కలం లాగేసుకుంటుంది. కానీ చూడలేదు. ఆమె కళ్ళకి శుక్లాలు ముదిరి ఎనిమిది నెలలైంది. అందుకే ఆమె చేసే పని నాకొచ్చింది.

నా పేరు పైడి. మూడోతెప్ప మీద బలాల రాతగత్తెను. పొద్దున నీళ్ళ వరసలో నిలబడితే నా వంతుకి ఐదు గ్లాసులొచ్చాయి. పోయినేడు ఇదే నెలలో పన్నెండు వచ్చేవి. వాటిలో రెండు తాగి, ఒకటి గంజికిచ్చి, ఒకటి అత్తకిచ్చి, మిగిలినదానితో మొహం కడుక్కున్నాను. మొహం కడుక్కోవడం దండగని అత్త దెప్పింది. అత్త కొడుకు ఎర్రయ్య బావ పొరలు నేసే సాలలో ఉంటాడు కదా, మొహం కడుక్కోకుండా ఎలా వెళ్తాను?

మధ్యాహ్నం మా సరంగు బంగారమ్మ గంట కొట్టించి అందర్నీ పిలిచింది. తెప్పకి పెద్దదిక్కు ఆమే. ఏడు తెప్పల కూటమి ఏం తీర్మానించిందో నీళ్ళు నమలకుండా చెప్పింది. కార్తీక పౌర్ణమినాటికి మనిషికి ఎనిమిది గ్లాసులు తీయలేకపోతే మూడోతెప్పని కూటమికి కట్టిన గొలుసు విప్పేస్తారు. ఇక్కడున్న నాలుగు వందల పన్నెండు మందినీ చీటీలు తీసి మిగిలిన ఆరు తెప్పలకీ పంచుతారు. వాళ్ళ నీళ్ళలోంచి వాటా ఇస్తామంటున్నారు, అది వాళ్ళ మంచితనమే. కానీ చీటీకి చుట్టరికం తెలియదు. అత్త ఒక తెప్పకీ, బావ ఒక తెప్పకీ, నేను ఇంకో తెప్పకీ పోతాం. పుట్టి బుద్ధెరిగాక నేను నిద్రలేవగానే విన్న మొదటి గొంతు అత్తది. ఆ గొంతు లేని తెప్ప నాకక్కర్లేదు.

ఒకటి
ఇరవై తొమ్మిది రోజులు

నా పని ఏమిటో రాసిపెడతాను. రేపు నేను ఏ తెప్ప మీద ఉంటానో, ఈ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో!

సముద్రపు నీళ్ళు మా పొరల్లోంచి దిగితే ఉప్పు పైన ఉండిపోతుంది, మంచినీళ్ళు కింద కుండలో పడతాయి. పొర నిండా కంటికి కనపడని తలుపులు. ఒక్కో తలుపులో పదకొండు వేల పరమాణువులు, ఒక్కటీ కుదురుగా ఉండదు. వాటిలో ఏది ఎటు గెంతుతోందో రాస్తూ కూచుంటే నా జన్మ చాలదు. అందుకని మేము ఒక్క కొలతే చూస్తాం, తలుపు మొత్తంమీద ఎంత తెరుచుకుందని. దాన్ని ఉమ్మడి కొలత అంటాం. పెళ్ళివారు వందమంది కలిసి గోల చేస్తుంటే “ఇంతకీ పెళ్ళికూతురు ఒప్పుకుందా?” అని ఒక్క మాట అడిగినట్టన్నమాట.

లెక్కలు కట్టే మా మరలో అలాంటి తలుపు ఒకటి అంకెల రూపంలో ఉంటుంది. అప్పలసూరి మావ మర ముందు కూచుని దాన్ని నలభై అడుగుల్లో కొంచెం కొంచెంగా తెరుస్తాడు. ఒక్కో అడుగుకి నాలుగంకెలు పిలుస్తాడు: ఎన్నో అడుగు, తెరుపెంత, మనం తోసిన తోపెంత, తలుపు మనల్ని తిరిగి తోసిన ఎదురుతోపెంత. నేను నాలుగు గడుల్లో నాలుగూ రాస్తాను, ఆ తోపులే నేను రాసే బలాలు. ఎదురుతోపు ఏ అడుగు దగ్గర ఎక్కువుంటే తలుపు అక్కడ బిగుసుకుంటోందని అర్థం. బావ పుస్తకం చూసుకుని, తలుపులో ఆ అడుగుకి సరిపడే లంకెని సన్నం చేసి కొత్త పొర నేస్తాడు. మర రాసుకుంటే సరిపోదా అని పిల్లలు అడుగుతుంటారు. మా తాతల కాలంలో మరలు రాసుకున్నదంతా సూర్యుడు ఒక్కసారి తుమ్మితే తుడిచిపెట్టుకుపోయిందట. అప్పట్నుంచి మర చెప్పాలి, మనిషి రాయాలి. ఇదీ కట్టుబాటు.

ఈ రోజు సిరా తీసే రోజు. అత్త కణవ చేపల సంచులు పిండుతూ పాత గొడవ ఎత్తింది.

“ఏటే పైడీ, ఇంకా లాభం పక్కన సున్నా ఎడతన్నావంట? సూరిగాడు సెప్పినాడు.”

మావ మొదటి అడుగుని “ఒకటి” అని పిలవడు, “లాభం” అంటాడు. ధాన్యం కొలిచినన్నాళ్ళూ మా పెద్దవాళ్ళు మొదటి కుంచాన్ని అలాగే అన్నారు, నీళ్ళు కొలిచేటప్పుడు మేమూ అలాగే అంటాం. అంతవరకూ నాకూ ముచ్చటే. చిక్కెక్కడంటే, మొదటి అడుగులో మర ఎప్పుడూ ఎదురుతోపు సున్నా అనే చెబుతుంది. లాభం పక్కన సున్నా రాస్తే పొర ఎండిపోతుందని అత్త పట్టు. ముప్పై ఏళ్ళూ ఆమె ఆ గడిలో సున్నా రాయలేదు. కలం ఎత్తి పట్టుకుని కూచుని, రెండో పిలుపులో వచ్చిన ఎదురుతోపుని తెచ్చి మొదటి గడిలో పెట్టేది. మూడోదాన్ని రెండో గడిలో. అలా ఆఖరుదాకా.

“సున్నా వస్తే సున్నా రాయాలత్తా. విన్నది విన్న వరసలో రాయమని పెద్ద ఓడ మీది బడిలో నేర్పారు.”

“ఆ బడిలో నీళ్ళు తీసినారేటే?”

“అక్కడ లెక్కలు నేర్పుతారు.”

“సదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారేటి” అని ఆమె సంచి గట్టిగా పిండింది. నా చీర మీద చారెడు సిరా పడింది. కావాలనే చేసిందని నా అనుమానం.

రెండు
ఇరవై రెండు రోజులు

మూడో పొర కూడా తప్పింది. ఇవాళ నాలుగున్నర గ్లాసులు.

ఎక్కడ బిగుసుకుంటోందో పుస్తకం చూస్తే స్పష్టంగానే ఉంది. ఇరవై మూడో అడుగు. పది సార్లు తెరిపించాం, పది సార్లూ ఇరవై మూడే. ఆ అంకె నాకు కలలో కూడా కనిపిస్తోంది. బావ ఇరవై మూడో లంకెని సన్నం చేశాడు, తలుపు తెరుచుకోలేదు. ఇంకా సన్నం చేశాడు, లాభం లేదు. ఇవాళ దారమంత చేస్తే ఆ లంకె తెగి ఉప్పునీళ్ళు దిగాయి. కుండలో నీళ్ళు నోట్లో పోసుకుని అందరం ఒకేసారి ఉమ్మేశాం. ఏడవాల్సిన సమయంలో నవ్వొచ్చింది. సాలలో ఉన్న నలుగురం పొట్టలు పట్టుకుని నవ్వాం.

నవ్వాక బావ తన చేతులు చూసుకుంటూ, “నా సేతిలోనే ఏదో తేడా ఉందే పైడీ. అమ్మ రాసినప్పుడు ఒక్క పొర తప్పేది కాదు” అన్నాడు.

“నీళ్ళు చల్లబడ్డాయి బావా, చలి ప్రవాహంలోకి వచ్చాం కదా” అన్నాను. అందరూ అదే అంటున్నారు. ఆరోతెప్ప కూడా ఇదే ప్రవాహంలో ఉంది. వాళ్ళకి పదకొండు గ్లాసులు వస్తున్నాయి. ఆ సంగతి నేను పైకి అనలేదు.

బావ చెయ్యి మంచిది. ఆ చేతి మీద అతనికే అనుమానం రావడం నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి రెండు సార్లు అత్త మీద విసుక్కున్నాను. ఆమె తన వంతు నీళ్ళలో అరగ్లాసు నా చెంబులో పోసి పడుకుంది.

మూడు
పదిహేను రోజులు

నిలబడే రాస్తున్నాను. గీతలు వంకరపోతే పోనీ, ఇది ఇప్పుడే రాయాలి.

పొద్దున పెద్దవల లాగే వంతు మా వీధిది. తాడు చివర చెయ్యి వేసి బరువు పిలిచే పని ఎప్పుడూ అత్తదే. దానికి కళ్ళు అక్కర్లేదు. ఇరవై మంది “హైలెస్సా” అని ఒక లాగుడు లాగి ఆగుతారు. తాడు చేతిలో అదిరిన తీరు చూసి అత్త బరువు చెబుతుంది. ఆ పక్కన ఒకరు వరసగా పేర్చిన చిప్పల్లో, లాగుడుకో చిప్ప చొప్పున, బరువుకి తగినన్ని గవ్వలు వేస్తారు. ఏ లాగుడులో బరువు పెరిగిందో చూసుకుంటే వల ఏ మడతలో చేప ఉందో తెలుస్తుంది, ఆ మడత దగ్గర జాగ్రత్త పడతారు. ఇవాళ మధ్యలో గవ్వల పని నా చేతికిచ్చారు.

అప్పటికి అయిదో లాగుడు అయింది. ఆరోది మొదలవుతుండగా అత్త “తొమ్మిది!” అని అరిచింది. నేను ఆరో చిప్పలో తొమ్మిది గవ్వలు వేశాను.

“ఎందులో ఏసినావే?” గవ్వల చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో విని కనిపెట్టేసింది మహాతల్లి.

“ఆరో దాంట్లో. ఇప్పుడు లాగుతోంది ఆరే కదా?”

“ఓసి నీ సదువు సంతకెల్లా! తాడు అంత పొడుగుంటే ఇప్పుడే ఎలగ తెలుస్తాదే? నువ్వు లాగింది తాడెంట ఎల్లి, వలకి తగిలి, తిరిగి నా సేతికి రావద్దేటి? ఇప్పుడు నా సేతికి తెలిసింది ఇందాకటి లాగుడుదే. అయిదో దాంట్లో ఎయ్!”

నేను గవ్వలు తీసి అయిదో చిప్పలో వేశాను. వేసి అలాగే ఉండిపోయాను. మొదటి లాగుడప్పుడు ఆమె ఏమీ పిలవలేదు. పిలవడానికి అప్పటికి చేతికేమీ రాలేదు.

మర కూడా మొదటి అడుగులో ఏమీ చెప్పదు. సున్నా అంటుంది.

గవ్వలు పక్కవాళ్ళ ఒళ్ళో పోసి పరుగెత్తాను. వెనక నుంచి ఎవరో “దానికేమైంది?” అంటున్నారు. పుస్తకాల గదిలో అత్త రాసినవి తీశాను. చిన్నప్పట్నుంచీ చూస్తున్నవే. ప్రతి పేజీలోనూ నలభయ్యో వరసలో, ఎదురుతోపు గడిలో, అంకెకి బదులు ఒక చిన్న చేప బొమ్మ ఉంటుంది. పేజీ అయిపోయిందన్న సంతోషానికి వేసేదనుకున్నాను. ఎనిమిది నెలల కిందట ఇది లెక్కల పుస్తకమా, చేపల బుట్టా అని ఎగతాళి చేసి మానిపించాను.

ఆ గడి ఖాళీ. అందుకే చేప. అంకెలన్నీ ఒక్కో గడి పైకి జరిగితే ఆఖరి గడిలో రాయడానికేమీ మిగలదు మరి!

మర ఒక అడుగు వెనకబడి మాట్లాడుతుంది. తలుపుని తోశాక, ఆ పదకొండు వేలూ కుదుటపడి ఎంత ఎదురుతోశాయో లెక్క తేలేసరికి మావ తర్వాతి అడుగు పిలిచేస్తాడు. ఇరవై మూడో పిలుపులో వినిపించే ఎదురుతోపు ఇరవై రెండో అడుగుది. తలుపు బిగుసుకున్నది ఇరవై రెండు దగ్గర. బావ చేతిలో ఏ తేడా లేదు. ఎనిమిది నెలలుగా నేను అతనికి పక్కింటి తలుపు చూపించి గడియ తీయమంటున్నాను.

నాలుగు
పద్నాలుగు రోజులు

రాత్రంతా ఆలోచించలేదు. హాయిగా నిద్రపోయాను. తప్పెక్కడుందో తెలిస్తే ఇంత సుఖంగా నిద్ర పడుతుందని నాకు తెలియదు. ఇక తెల్లవారింది. తప్పు నాదని సరంగుకి చెప్పాలి. నాలుగు వందల పన్నెండు మందిని ఎనిమిది నెలలు దాహంతో ఉంచింది చలి ప్రవాహం కాదు, నేను.

ముందు అత్తకి చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. ఆమె అంతా విని, “మరైతే మాయమ్మ రాసింది లెక్కేనేటి?” అంది.

“నీకు తెలియదా అత్తా?”

“నాకేటి తెలుసే? మాయమ్మ సున్నా ఎట్టకంది, నాను ఎట్టనేదు. సేప ఎయ్యమంది, ఏసినాను. ఆయమ్మకి ఎవులు సెప్పినారో ఏటో.”

మరను తెప్ప మీదికి తెచ్చినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. కారణం రాసిపెడితే ఎవరూ చదవరనుకున్నారో, తడిసిపోతుందనుకున్నారో, జనం మరిచిపోకుండా ఉండే చోట దాచారు. లాభం పక్కన సున్నా పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. నాలాంటి తెలివైనది పుడుతుందని పాపం వాళ్ళనుకోలేదు.

గంట కొట్టించి అందరి ముందూ చెప్పాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండొచ్చు, గుట్టుగా అంకెలు సరిచేసి బావ చేతిలో పెట్టొచ్చు. కానీ బావ తన చేతులు చూసుకున్న రోజు నాకు గుర్తుంది. అతని పేరు అందరి ముందూ కడగాలి. చెప్పడం అయింది. 

అప్పలసూరి మావ ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. “ముప్పయ్యేళ్ళు పిలిసినాను! నానెప్పుడు పిలిసినా ఒక అడుగు ఎనక నుంచి పిలిసినానన్నమాట! అందుకే కామోసు, ఇంట్లో నా మాటెవులూ ఇనరు!” మావ పెళ్ళాం నవ్వింది. ఆ వెనక అందరూ. సరంగు మాత్రం నవ్వకుండా నన్ను దగ్గరికి పిలిచింది.

“పద్నాలుగు రోజులున్నాయి. ఎర్రయ్యకి పొర నేయడానికి ఎన్ని కావాలి?”

“తొమ్మిది” అన్నాడు బావ వెనక నుంచి. అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు.

“అయితే నీకు శిక్ష. ఎనిమిది నెలల పుస్తకాలూ తీసి, ప్రతి పేజీలో ఎదురుతోపు అంకెలు ఒక గడి పైకి జరిపి రాయాలి. ఆఖరి గడిలో చేప వెయ్యాలి. ఒక్క చేప తగ్గినా ఊరుకోను.”

లెక్క చూసుకున్నాను. రెండు వందల ముప్పై ఆరు చేపలు.

ఐదు
తొమ్మిది రోజులు

నూట పదకొండు చేపలయ్యాయి. నాకు బొమ్మలు రావు. మొదటి పదీ చూసిన పిల్లలు అవి చెప్పులా అని అడిగారు. అత్తకి కళ్ళు కనిపించకపోయినా తనిఖీ మాత్రం మానదు. ఆరని సిరా మీద వేలు పెట్టి తడిమి, “దీనికి తోకేదే? తోక లేని సేప ఎటు పోద్ది?” అని మళ్ళీ వేయిస్తుంది. కావలసినదానికన్నా సిరా చిక్కగా చేసింది, వేలికి తగలాలని.

పొరల సాల నుంచి రోజంతా మగ్గం చప్పుడు. బావ ఇరవై రెండో లంకెని గోరులో అరవంతు సన్నం చేశాడట, అంతే. సాయంత్రం భోజనానికి వచ్చి, నా వేళ్ళకున్న సిరా చూసి, “ఏటి పైడీ, ఇప్పుడు నీ సేతుల్లో తేడా ఉందా?” అన్నాడు. నేను ఆ సిరా అతని మొహానికి పూశాను. కడుక్కోవడానికి నీళ్ళు లేవు. అలాగే పోయి మళ్ళీ నేతకి కూచున్నాడు.

ఆరు
కార్తీక పౌర్ణమి, పొద్దు వాలే వేళ

కూటమి నుంచి ఆరుగురు వచ్చారు. వాళ్ళ ఎదురుగా, ఒక మనిషి వంతు పొరని తెల్లవారుజామున కుండ మీద కట్టారు. పొద్దు వాలేదాకా ఎవరూ దాన్ని ముట్టలేదు. కుండ మూతి సన్నం, లోపల ఎంత ఉందో కనిపించదు. తెప్ప మీద అందరం చుట్టూ కూచున్నాం. పొయ్యి ఎవరూ వెలిగించలేదు.

కొలిచేటప్పుడు గ్లాసులు పిలవడానికి సరంగు అత్తని నిలబెట్టింది. “ఆవిడకి కనిపించదు కదా” అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకాయన.

“ఇనిపిస్తాది” అంది అత్త.

సరంగు కుండ వంచింది. నీళ్ళు గ్లాసులో పడుతున్న చప్పుడు బొంగురుగా మొదలై, గ్లాసు నిండేకొద్దీ సన్ననై, అంచు దగ్గర ఆగింది.

“లాభం!” అంది అత్త.

“లాభం!” అన్నాం నాలుగు వందల పన్నెండు మందిమీ.

రెండు. మూడు. నాలుగు. నిన్నటిదాకా మా గీత అక్కడే. ఐదు. ఆరు దగ్గర ధార సన్నబడ్డట్టనిపించింది. నేను బావ చెయ్యి పట్టుకున్నాను, సిరా చేత్తోనే. ఏడు. సరంగు కుండని ఇంకొంచెం వంచింది. నీళ్ళు ధారగా పడ్డాయి.

“ఎనిమిది!”

ఆ కేక ఆరోతెప్ప దాకా వినిపించిందని తర్వాత చెప్పారు. కేకలో పడి తొమ్మిదోది ఎవరూ వినలేదు, అత్త తప్ప. “ఉష్! ఊరుకోండర్రా, నీళ్ళు ఇనిపించటం నేదు!” అని కసిరింది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. పదమూడో గ్లాసు సగం దగ్గర కుండ ఖాళీ అయింది.

కూటమి పెద్దాయన ఆ సగం గ్లాసు అందుకుని, రుచి చూసి, మారుమాట లేకుండా మొత్తం తాగేశాడు. గొలుసు సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. నవ్విన నాపచేనే పండిందంటారే, అదిగో ఆ పంట పన్నెండున్నర గ్లాసులు. నేను వెక్కి వెక్కి ఏడిచాను. ఇంత సంతోషం నాకు జన్మలో లేదు. అత్త తడుముకుంటూ వచ్చి నా మొహం పట్టుకుని, “ఏడిసి నీళ్ళు పారబొయ్యకే, ఇప్పుడే కదా వచ్చినాయి” అంది. ఆ తర్వాత తనూ ఏడిచింది. ఆ పూట అందరం రెండు సార్లు మొహాలు కడుక్కున్నాం.

లాభం

ఇది కొత్త పుస్తకం. పాత లెక్కల పుస్తకాల్ని రెండు వందల ముప్పై ఆరో చేపతో మూసేశాను. ఆ చేపకి తోక ఉంది, కన్ను కూడా ఉంది. అత్త తడిమి చూసి ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే.

కారణం కూడా కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీ మీద రాశాను, పెద్ద అక్షరాలతో. మర ఒక అడుగు వెనకబడి చెబుతుంది, అందుకే ఎదురుతోపులన్నీ ఒక గడి పైకి జరపాలి అని. దాని కింద ఇంకో వరస చేర్చాను: “పై మాట అర్థం కాకపోయినా ఫరవాలేదు, లాభం పక్కన సున్నా మాత్రం రాయకండి. అర్థమైందనుకున్న వాళ్ళు ముందుగా వెళ్ళి ఒకసారి వల లాగి రండి.”

అత్త పక్కన కూచుంది. బావ కొత్త తలుపు లెక్క తెచ్చాడు, పదిహేను గ్లాసులు తీస్తాడట. మావ గొంతు సవరించుకుని “లాభం” అని పిలిచాడు. తెరుపు రాశాను, తోపు రాశాను. నాలుగో గడి దగ్గర కలం ఎత్తి పట్టుకున్నాను.

“ఏటే, రాయవేటి?” అంది అత్త, పరీక్షగా.

“ఇంకా రాలేదత్తా. వస్తోంది.”

“రెండు!” అని పిలిచాడు మావ.